రెండో గొంతు

ఏళ్ల తరబడి టెక్సాస్ బార్లలో మొగుడు వెర్లిన్ పక్కన నిలబడి, అతని పాటకి జతగా రెండో గొంతు పాడింది ఒలీటా. సీసాలు పగిలినా, తాగినవాళ్లు కలబడి కొట్టుకున్నా పాట ఆపింది లేదు. తీరా నాష్‌విల్‌లో అతని మొదటి ఆల్బమ్ రికార్డు చేసే రోజు వచ్చేసరికి, ప్రొడ్యూసర్ ఆమె చోట్లో జెనీవ్ అనే పడుచుపిల్లను తెచ్చి నిలబెట్టాడు.

"మీ గొంతు బొంగురమ్మా, రేడియోకి పనికిరాదు," అన్నాడు. వెర్లిన్ టోపీ సర్దుకుని మైకు దగ్గరికి నడిచాడు.

ఒలీటా స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని చూసింది. ఒకే మైకు ముందు ఇద్దరూ. ఊపిరి పీల్చేముందు వెర్లిన్ ఎడమ భుజం కాస్త లేస్తుంది. అది కనిపెట్టి ఆ పిల్ల కూడా సరిగ్గా అప్పుడే ఊపిరి తీసుకుంటోంది. ఆ సంగతి తనొక్కదానికే తెలుసనుకుంది ఇన్నాళ్లూ. ఒలీటాకి ఒళ్లంతా భగ్గుమంది.

మధ్యాహ్నం, విడాకుల మీద రాసిన పాట దగ్గర రికార్డింగ్ ఆగిపోయింది. చివరి చరణం జెనీవ్‌కి ఎంతకీ కుదరడం లేదు. కాఫీలు తాగేటప్పుడు వచ్చి ఒలీటా పక్కన కూలబడింది.

"అక్కా, ఈ చరణం మీరెలా పాడేవాళ్లు? నాకు ఏడుపొచ్చేస్తోంది."

ఒలీటా అక్కడ ఎప్పుడూ గొంతు దించేది.

"పైకెత్తు," అంది. "ఎంత ఎత్తగలిగితే అంత. ఆయన్ని పట్టించుకోకు."

శ్రుతి తప్పాలనీ, అందరూ నవ్వాలనీ ఆమె ఆశ.

జెనీవ్ ఎత్తింది. పై స్వరం దగ్గర గొంతు జీరపోయి, తెగిపోయిందనుకునేంతలో మళ్లీ అందుకుంది. స్టీల్ గిటార్ దాన్ని వెంబడించి నెమ్మదిగా కిందికి దించింది.

"ఇదే! ఇంకోసారి అక్కర్లేదు," అని అరిచాడు ప్రొడ్యూసర్.

జెనీవ్ పరుగున వచ్చి ఒలీటాని వాటేసుకుంది. "అంతా అక్క చెప్పిందే!"

వెర్లిన్ కళ్లు తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "నా పక్కన ఎప్పుడూ అలా పాడలేదేమే?"

"నువ్వెప్పుడు అడిగావు?" అంది ఒలీటా.

ఆ పాట పేరే ఆల్బమ్‌కి పెట్టారు. వెనక అట్ట మీద ఒలీటాకి కృతజ్ఞతలు కూడా అచ్చయ్యాయి. మొదటి కాపీ ఇంటికి తెచ్చి వెర్లిన్ ప్లేయర్ మీద పెట్టినప్పుడు ఆమె వంటింట్లో చిక్కుళ్లు కడుగుతోంది. చివరి చరణం రాగానే, నీళ్ల చప్పుడులో పాట మునిగిపోయేలా కుళాయి పూర్తిగా తిప్పేసింది.