రేటొక్కటే అడిగిన కాగితం

శింగనమల రైతు బోరు వేయించాలంటే ముందు నీళ్ళు పడే పాయింటు చూపించుకుంటాడు, ఆ తర్వాతే బోరు బండివాడితో అడుగుకింతని రేటు మాట్లాడతాడు. ఇంత తెలిసినవాళ్ళు, పోయినేడు వేరుశనగ కాయలు వలిచే మిషను కొనేటప్పుడు మాత్రం బుద్ధి గడ్డితిని రేటొక్కటే అడిగారు. ఆ కాగితం రాసి సంతకం పెట్టింది రైతుల కంపెనీ మేనేజరు ఈశ్వరమ్మ. అందరికన్నా చవగ్గా వచ్చిన మిషను నోటికి, చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండే జాలీ లేదు. నెల తిరక్కముందే అది కాయలు పోసే కూలీ నల్లప్ప కుడిచేతిని మణికట్టు దాకా నమిలేసింది.

తప్పంతా మిషను అమ్మిన బదరీనారాయణదేనని ఊరు నమ్మింది. ఈశ్వరమ్మ నమ్మనిచ్చింది. నల్లప్పకు గోదాము కాపలా పని ఇప్పించి, ఇంటి నుంచి క్యారియరు తెచ్చి పెట్టేది.

ఇప్పుడు ఇంకో మిషను కొనాలి. ఈసారి ఆమె రేటొక్కటే అడిగే కొటేషన్ కాగితం జోలికి పోకుండా ప్రపోజల్ అడిగే కాగితం తయారుచేసింది. మా పని ఇది, మాకు జరిగిన ఘోరం ఇది, మనిషి చెయ్యి పోకుండా మీరేం చేస్తారో ముందు చెప్పండి, రేటు తర్వాత. సంతకం పెట్టబోతుండగా బదరీనారాయణ ఇద్దరు మనుషులతో ఆఫీసులోకి దూసుకొచ్చాడు. జాలీ, ఆపే స్విచ్చి అంటూ మొదలుపెడితే తన సరుకు నిలవదని ఆయనకు బాగా తెలుసు.

"పోయినేటి కాగితమే తేదీ మార్చి పంపమ్మా. రేటడిగితే సాలు."

"పంపను."

కంప్యూటరు నేలకు కొట్టారు. ఒకడు ఆమె జుట్టు పట్టి తలను బల్లకేసి బాదాడు; నుదురు చిట్లి బల్లంతా నెత్తురైంది. ఆ చప్పుడుకు గోదాములోంచి నల్లప్ప ఎడమచేత్తో దుడ్డుకర్ర పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బకు ఒకడి మోకాలు విరిగింది. రెండోవాడు దెబ్బ పడకుండానే పరుగెత్తాడు. తర్వాతిది బదరీనారాయణ భుజం మీద పడింది.

"నా చెయ్యి తిన్నావు గదరా!"

"నన్నెందుకు కొడతాండావప్పా?" ఆయన గోడకు అతుక్కుని అరిచాడు. "జాలీ కావల్లని ఎవురన్నా అడిగినారా? కాగితంలో రేటొక్కటే ఉండాది. సంతకం ఎవురిదో ఆయమ్మనే అడుగు!"

కర్ర గాల్లోనే ఆగింది.

"అవునా అక్కా?"

కాదంటే నమ్మేవాడే. కానీ ఈశ్వరమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాదే నల్లప్పా. నేను అడగల్యా."

కర్ర ఆమె కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. ఆమె పెట్టిన కేకలో బదరీనారాయణ, కుంటుతున్న తన మనిషిని ఈడ్చుకుంటూ జారుకున్నాడు.

నల్లప్ప కర్ర విసిరేసి కూలబడి ఏడ్చాడు. "ఏడాది పొద్దు అన్నం పెట్టినావే, ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోతుండె?"

కొత్త కాగితం మీద సంతకానికి ఈశ్వరమ్మ ఎడమచేత్తో పెన్ను తీసుకుంది. నెత్తుటి తడికి కాగితం బల్లమీద జారింది. మళ్ళీ జారింది. నల్లప్ప లేచి వచ్చి, మొండిచేతిని కాగితం అంచు మీద అదిమిపెట్టాడు.

"పెట్టు," అన్నాడు.