హారన్ వద్దన్న పిల్ల

"హారన్ ఎవలదిరా ఇయ్యాల?"

సమ్మయ్య కేకకు యూనివర్సిటీ క్వార్టర్స్ గేటు దగ్గర పిల్లలు ఆటో మీదికి ఎగబడ్డారు. ముందెక్కినవాళ్లదే రబ్బరు హారన్. తార్నాక స్కూలు దాకా ప్రతి మలుపులోనూ వాళ్లే నొక్కాలి. ఇరవై రెండేళ్లుగా ఆ ఆటోలో ఇదే చట్టం. హ్యాండిల్‌కు మామూలు హారన్ కూడా ఉంది గానీ, పాపం, దాన్ని అడిగే నాథుడు లేడు.

సమ్మయ్య పొట్టివాడు, బొజ్జ ముందుగా వచ్చే మనిషి. ఖాకీ చొక్కా జేబులో దువ్వెన ఎప్పుడూ ఉంటుంది, దువ్వడానికి జుట్టే లేదు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇవాళే ఆఖరి రోజు. రేపు ఆటోను కొనుక్కున్న వారాసిగూడ ఆయన వచ్చి తీసుకుపోతాడు. పిల్లలకు చెప్పలేదు. చెబితే తనే ముందు ఏడుస్తాడని భయం.

అందరికన్నా వెనక స్నిగ్ధ వచ్చింది. మూడో క్లాసు పిడుగు, నెలలో ఇరవై రోజులు హారన్ ఆ పిల్లదే. ఇవాళ బాబీ హారన్ పట్టేసుకున్నా పోట్లాడలేదు.

"నువ్వే నొక్కుకో" అంది.

సమ్మయ్య సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఏమైంది బిడ్డా?"

"నిన్న మా కారు డివైడర్‌ని గుద్దేసింది తాతా. ఎవరికీ ఏం కాలేదు."

"మరి భుజమెందుకు పట్టుకున్నవ్?"

"కొంచెం నొప్పి. కడుపులో కూడా."

చలికాలం పొద్దున ఆ పిల్ల నుదుటి నిండా చెమట. సమ్మయ్య ఆటోను తిన్నగా వాళ్లింటికే తిప్పాడు.

స్నిగ్ధ తండ్రి పార్థసారథి ఫిజిక్సు మాస్టారు, కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు.

"ఒంటి మీద గీత కూడా పడలేదయ్యా, రాత్రే చూశాం. లెక్కల పరీక్షంటే దానికెప్పుడూ కడుపునొప్పే" అని నవ్వాడు.

"సార్, మీ ఫిజిక్స్ నాకు తెల్వది. హారన్ వద్దన్నది సార్ మీ పిల్ల! మూడేండ్లల్ల ఒక్కనాడు అట్ల అన్లే. జర దవాఖానకు పోదాం. ఏం లేదంటే నన్ను తిట్టుండ్రి."

తల్లి అరుంధతి అప్పటికే చెప్పులేసుకుంది. మిగతా పిల్లలు సర్దుకుంటే, కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆటోలోనే కూర్చుంది. పార్థసారథి స్కూటర్ మీద వెంటపడ్డాడు. బాబీకి ఇక పండగే. దారంతా ఆపకుండా నొక్కాడు, సిటీ బస్సు కూడా పక్కకు జరిగింది.

స్కానింగులో సంగతి తేలింది. సీటు బెల్టు నొక్కుకున్న చోట లోపల ప్లీహం, అంటే స్ప్లీన్, చిట్లి రక్తం ఊరుతోంది. పిల్లల్లో ఇలాంటి దెబ్బ పైకి కనపడకపోవచ్చునట, భుజం నొప్పి కూడా దానివల్లేనట. "ఆటల పీరియడ్‌లో గెంతి ఉంటే ప్రాణం మీదికొచ్చేది. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు, కదలకుండా పడుకుంటే చాలు" అంది డాక్టరు. పార్థసారథి సమ్మయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

మిగతా పిల్లల్ని ఆలస్యంగానైనా బడిలో దింపి, సాయంత్రం అందరినీ ఇళ్లకు చేర్చి సమ్మయ్య మళ్లీ ఆసుపత్రికి వచ్చాడు. స్నిగ్ధ మొహంలో కాస్త రంగు తిరిగింది.

"తాతా, నేను వచ్చేదాకా హారన్ బాబీకే ఇస్తావా?"

"ఎవలకియ్య బిడ్డా. రేపటికెల్లి నేను గూడ రాను. మోకాళ్లు ఇగ చాలంటున్నయ్."

ఆ పిల్ల పెదవి వణికింది. సమ్మయ్య గబగబా సంచిలోంచి రబ్బరు హారన్ తీసి దిండు పక్కన పెట్టాడు.

"ఇక్కడ చప్పుడు చేయొద్దు పెద్దాయనా" అంది నర్సు.

"చెయ్యదమ్మా. ఇంటికి పొయ్యేదాంక ఇది గూడ పండుకుంటది."

కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. ఆటో స్టార్ట్ చేస్తుంటే పై కిటికీలోంచి "పోం" అని వినపడింది, వెనకే నర్సు కేక. సమ్మయ్య బొజ్జ కదిలేలా నవ్వాడు.

పైన దిండు పక్కన, నొక్కు పడ్డ ఎర్ర రబ్బరు బుర్ర మెల్లగా గాలి పీల్చుకుని మళ్లీ గుండ్రంగా అయింది.