ఎన్ని మునకల వాన

అద్దకం గది గుమ్మంలో పేపరు పరుచుకుని అక్క వాతావరణ పటం మీద వేలు పెట్టింది. ఎంత తోమినా నీలిమందు వదలని వేలు. ఇవాళ్టికి ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా వాన తీరు చెప్పే పటం అది. తమ ఊరూ రేవూ ఉన్న చోటంతా ముదురు ఆకుపచ్చ.

“చెల్లీ, నీ పడవ పదో రోజున కదూ?”

“అవునక్కా. పొద్దున్నించీ నాలుగోసారి అడిగావు.”

“ఐతే టికెట్టు వెనక్కిచ్చెయ్. ఇది ఒకటి రెండు మునకల పచ్చ కాదే, ఏడు మునకల పచ్చ. ఊరు మిగలదు.”

నలభై ఏళ్లుగా గుడ్డల్ని తొట్టెలో ముంచి తీసిన మనిషి. ఒక మునకకు లేత, ఏడు మునకలకు ముదురు. పటమైనా ఆవిడ కంటికి గుడ్డే.

చెల్లెలికి సముద్రం అవతల అద్దకం నేర్పే బడిలో ఉద్యోగం కుదిరింది. రెండేళ్లు. అరవై దాటాక ఉద్యోగమేమిటని వీధంతా నవ్వితే తనూ కలిసి నవ్వింది. అక్క నవ్వలేదు. ఆవిడ గుమ్మందాకా సాగనంపినవాళ్లెవరూ తిరిగి రాలేదు. మొగుడు వారంలో వస్తానన్నాడు. తమ్ముడు ఉత్తరం రాస్తానన్నాడు. ఆ ఉత్తరం కోసమే రంగు పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకుంది. ఉత్తరం రాలేదు, చదువు మాత్రం వచ్చింది.

అంతలో వెలిసిన కర్టెన్లు చంకన పెట్టుకుని మబ్బులమ్మ వచ్చింది. వాతావరణ కార్యాలయంలో ఆ పటాలు తయారుచేసే ఆవిడకు వీధి పెట్టిన పేరది.

“సమయానికొచ్చావు తల్లీ. పదో రోజున ప్రళయమని దీనికి చెప్పు.”

“నేనెప్పుడన్నానమ్మా?”

“అనడమెందుకు, ఇంత పచ్చ పూసేశావుగా!”

మబ్బులమ్మ కర్టెన్లు దించి గుమ్మంలోనే చతికిలబడింది. “ఆ ముదురు వాన ఎంతో చెప్పదమ్మా, మా నమ్మకం ఎంతో చెబుతుంది. ఏటా ఈ రోజుల్లో మామూలుగా పడేదానికన్నా ఎక్కువ పడే వీలు పదికి ఏడు పాళ్లుంటే ఇంత ముదురు. నాలుగే ఉంటే లేత.”

“మామూలుగా ఎంత పడుతుందేమిటి?”

“ఈ నెలలోనా? మీ తొట్టె అడుగు కూడా తడవదు. దానికి రెట్టింపు పడ్డా ఓ గొడుగు చాలు.”

చెల్లెలు పకపకా నవ్వింది. “విన్నావా, నీ ప్రళయం!”

“పక్క పటంలో ఈ నారింజ? ఎండ మాడ్చేస్తుందా?” అక్క అంత తేలిగ్గా వదలదు.

“అదీ అంతే. మామూలుకన్నా వేడిగా ఉండొచ్చని. లేత రంగు కదా, గట్టిగా చెప్పలేం.”

“మరి ఈ తెల్లటి చోటు?”

“అక్కడ ఎటు మొగ్గుతుందో మాకూ తెలీదు. ఏదైనా కావచ్చు.”

అక్క వేలు ఆ తెలుపు మీదే ఆగిపోయింది. “వానకేముందిలే,” అంది మెల్లగా. “ఇదే నా భయం. వస్తామని వెళ్లినవాళ్ల మాటంతా నాకు ఈ తెలుపే.”

చెల్లెలి నవ్వు ఆగింది. లేచి, ఓ గుడ్డముక్క తీసుకుని నీలి తొట్టెలో ముంచింది. పచ్చగా పైకొచ్చిన ముక్క గాలి తగిలి నీలంగా మారింది. మళ్లీ ముంచింది. అక్క తెలియకుండానే లెక్కపెట్టసాగింది. ఏడయ్యాయి. ఎనిమిది. పది.

“నేను తిరిగొచ్చే మాట ఇంత ముదురు,” అంటూ చెల్లెలు ముక్కను పిండింది. “పదికి పది.”

“మేమైతే పదికి పది ఎప్పుడూ వెయ్యమండీ,” అంది మబ్బులమ్మ.

“నీ మబ్బులు మాటిచ్చాయా ఏమన్నా? ఇచ్చేది నేను. మధ్యలో దూరకు!”

అక్క ఆ తడిముక్కను వెలుతురుకు పట్టి చూసింది. ఒక్క మచ్చ లేదు, అంచు దాకా ఒకే నీలం. తొందరపాటు పని కాదు.

పదో రోజున వాన పడింది. మామూలుకన్నా ఎక్కువే, చెప్పులు తడిసేంత. అక్క గొడుగు పట్టుకుని, ఈసారి గుమ్మం దగ్గర ఆగకుండా, రేవు దాకా నడిచింది.