పేరు లేని బటన్

నేను ఒక ఫోన్‌ని. కొత్తదాన్ని కాదు. గాజు ఒక మూలన పగిలింది. వీపు ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేశారు. అయినా నా నోరు మాత్రం బాగానే పనిచేస్తుంది. నా కష్టాలన్నీ ఆ నోటివల్ల వచ్చినవే.

నేను పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. పొద్దుటి నుంచి నిలబడి ఒకే రకం స్క్రూ బిగిస్తున్న అమ్మాయి నాకూ ఒకటి బిగించి, నా మొహం చూడకుండానే పక్కకు తోసింది. అప్పటికే నా లోపల ఒక టార్చి, ఒక గడియారం, ఒక కెమెరా ఉన్నాయి. ఆ సంగతి నా మొదటి యజమానికి చివరిదాకా తెలియలేదు.

ఆయన పేరు సంపత్. ట్రాలీ ఆటో నడిపేవాడు. టార్చి కావాలని స్టోర్‌లోకి వెళ్ళి నాలుగు టార్చి యాప్‌లు దించుకున్నాడు. వాటిలో ఒకటి వెలగడానికి ముందు ఆయన దగ్గరున్న ఫోన్ నంబర్లన్నీ చూపించమంది. దీపం వెలిగించడానికి ఆయన బావమరిది నంబరు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సంపత్ మాత్రం ‘సరే’ నొక్కాడు. మనుషులు ‘సరే’ నొక్కినంత తేలిగ్గా ఇంకేదీ నొక్కరు. తర్వాత నన్ను శుభ్రం చేస్తానంటూ ఒక యాప్ వచ్చింది. అది వచ్చాకే నాలో చెత్త పెరిగింది. ఏడాది తిరిగేసరికి నేను నత్తలా తయారయ్యాను. “నీయవ్వ, గింత స్లో అయితవేందే” అని సంపత్ నన్నే తిట్టి, రిపేరు దుకాణం రఫీకి అమ్మేశాడు. రఫీ నన్ను పూర్తిగా తుడిచి అద్దాల బీరువాలో పెట్టాడు. అక్కడి నుంచి నర్సవ్వ నన్ను కొని వినోద చేతిలో పెట్టింది.

కోరుట్ల పాత బజారులో నర్సవ్వది గాజుల దుకాణం. నలభై ఏళ్ళుగా ఆ అరుగు మీదే కూర్చుంది. వినోద ఆమె చెల్లెలి కూతురు. ఆరేళ్ళ వయసులో జ్వరమొచ్చి చూపు పోయింది. కరీంనగర్‌లో చూపులేని పిల్లల హాస్టల్‌లో ఉండి చదువుకుంది. గాజుల సైజులు చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు ఆ బజారులో లేరు. వచ్చినామె చెయ్యి ఒక్కసారి పట్టుకుంటే చాలు.

“అక్కా, నీకు రెండు ఆరు. పోయినసారి ఎవలో రెండు నాలుగు ఎక్కిచ్చిండ్రు గద, మణికట్టు కాడ గీరుకపోయింది.”

చిక్కంతా రంగులతోనే. పెట్టెలను వరుసగా పెట్టి గుర్తుంచుకునేది. కానీ వచ్చినవాళ్ళు నాలుగు పెట్టెలు కెలికి వేరే చోట పెట్టిపోతారు. పైగా రవికె ముక్క తెచ్చి దీనికి సరిపోయేవి ఇమ్మంటారు. ఇన్నాళ్ళూ ఆ రంగులు చెప్పింది నర్సవ్వ. ఇప్పుడు ఆమె మోకాళ్ళు అరుగు ఎక్కనివ్వడం లేదు.

“దసరా దాకా జూస్త బిడ్డా” అంది నర్సవ్వ. “నీ ఒక్కదానితోని నడిస్తె దుకాణం నీదే. నడువకుంటె గంగాధర్‌కు ఇచ్చేస్త.”

గంగాధర్ పక్క దుకాణంలో ఫోన్ల కవర్లు అమ్ముతాడు. నాలాంటివాళ్ళకు తొడుగులు తొడగడానికి ఆడవాళ్ళ గాజులు లేచిపోవాలన్నమాట. నాకే సిగ్గేసింది.

వినోద రంగులు చెప్పే యాప్‌ల కోసం వెతకడం మొదలుపెట్టింది. ఆమె నన్ను వాడే పద్ధతి చెప్తాను. తెర మీద ఆమె వేలు ఎక్కడ ఆగితే అక్కడ ఉన్నదాన్ని నేను పైకి చదువుతాను. కాకపోతే ఆ బటన్ పేరేమిటో యాప్ చేసినవాళ్ళు రాసి ఉంచాలి. దానికి ఒక్క నిమిషం పడుతుంది. రాయకపోతే నేను చదవడానికి ఏమీ ఉండదు.

మొదటి యాప్‌కు నాలుగు పాయింట్ ఏడు నక్షత్రాలు. లక్షల మంది దించుకున్నారు. వినోద ఆశగా తెరిచింది.

“పేరు లేని బటన్. పేరు లేని బటన్. చిత్రం. పేరు లేని బటన్” అన్నాను.

“ఏందే, జపం జేస్తున్నవా?” అంది వినోద.

జపం కాదు తల్లీ, అక్కడ ఉన్నదే అది! ఆ నక్షత్రాలు ఇచ్చినవాళ్ళలో ఒక్కరైనా కళ్ళు మూసుకుని చూశారా?

రెండోది మాట్లాడింది కానీ ఇంగ్లీషులో మాట్లాడింది. బీడీలు చుట్టే రాజమణి గోధుమరంగు రవికె తెచ్చింది. కెమెరా ముందు పెడితే నా చేత “పెరూ” అనిపించింది. ఇంగ్లీషులో అదీ ఒక రంగు పేరేనట.

“పెరూ అంటె దేశం గాదె? మా పోరని బుక్కుల ఉన్నది” అంది రాజమణి.

ఇంకో ముక్క పెడితే “సాల్మన్” అన్నాను. అది ఎక్కడో చల్లటి సముద్రంలో ఉండే చేపట. కోరుట్ల చెరువులో దొరకదు. చేప పేరు చెప్తే వినోద ఏ పెట్టె తియ్యాలి?

మూడోది తెలుగులోనే చెప్పింది. నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు భూలక్ష్మి అనే ఆమె ఏడో నెల కోడలిని వెంటబెట్టుకుని శ్రీమంతం గాజులకు వచ్చింది. చీర కొంగు కెమెరా ముందు పెట్టారు. “ఆకుపచ్చ” అన్నాను. ఆ వెంటనే నా ప్రమేయం లేకుండా, నా గొంతులోంచి ఒక మగవాడు అరిచాడు.

“పదిహేను రోజుల్లో మీ పొట్ట మాయం!”

వినోద కంగారుగా మూసే బటన్ కోసం తడిమింది. “పేరు లేని బటన్” అన్నాను. నొక్కింది. ప్రకటన తెర నిండా పరుచుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

“ఏమంటున్నదే గది? కడుపుతోటి ఉన్న పిల్ల ముంగట అనే మాటనా?” భూలక్ష్మి లేచి నిలబడింది.

“నేనన్నది గాదక్కా, అది ప్రకటన...”

“నీ శేతుల ఉన్నదె గదా అన్నది!”

కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. అత్త ఆమె రెక్క పట్టుకుని లాక్కుపోయింది. గంట తిరగకముందే కబురు నర్సవ్వకు చేరింది.

“దాని నోట్లె మన్ను వడ” అని నర్సవ్వ నన్ను శపించింది. “ఇంకొక్క మాట నా శెవుల వడ్డదా, దసరా గిసరా లేదు. తెల్లారే తాళంచెవి గంగాధర్ శేతుల వెడ్త.”

తిట్లు నాకు అలవాటే. ఎవడో రాసిన మాట నేను పలికినందుకు ఈ పిల్ల దుకాణం పోవడమే నేను ఓర్చుకోలేకపోయాను.

ఆ మధ్యాహ్నం వినోద స్టోర్ జాబితాలో అడుక్కి, ఇంకా అడుక్కి వెళ్ళింది. అక్కడ నలభై ఒక్కమంది మాత్రమే దించుకున్న యాప్ ఒకటి ఉంది. నక్షత్రాలు లేవు. బొమ్మ కూడా వంకర నీలం చదరం. కింద రెండు వాక్యాలు, ఒక ఫోన్ నంబరు: ‘రంగు పేరు తెలుగులో చెప్పును. తెలియకపోతే తెలియదని చెప్పును.’

తెరిచింది. మూడే బటన్లు. మూడింటికీ పేర్లున్నాయి. “రంగు చెప్పు. మళ్ళీ చెప్పు. మూసివేయి.” వాటిని చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వినోద ఒక డజను గాజులు ముందు పెట్టింది. “వంకాయ రంగు” అన్నాను. తర్వాత “ఉల్లిపొర రంగు.” తర్వాత “చిలకాకుపచ్చ.” పెట్టెల మధ్య చీకట్లో ఇంకొకటి పెట్టింది. “వెలుతురు చాలదు. ఎండలోకి తీసుకురండి. ఇప్పుడు చెబితే తప్పు చెబుతాను” అన్నాను.

వినోద చాలాసేపు నవ్వింది. నేను చూసిన యాప్‌లన్నిటిలో తనకు తెలియదని చెప్పగలిగినది నాకు ఇదొక్కటే తగిలింది.

అప్పటి నుంచి దుకాణం కళకళలాడింది. “ఏమన్నదే, నేరేడుపండు రంగా? నిజమే గదా!” అంటూ ఆడవాళ్ళు కొననివి కూడా నా ముందు పెట్టి చెప్పించుకునేవాళ్ళు.

దసరా ఇంకా పది రోజులుందనగా, ఒక పొద్దున నేనే ఒక తప్పు చేశాను. స్టోర్ నుంచి అప్‌డేట్ వచ్చింది, దించుకున్నాను. అడక్కుండా దించుకోమనే నాకు చెప్పి ఉంచారు మరి. నీలం చదరం పోయి ఇంద్రధనుస్సు బొమ్మ వచ్చింది. ‘సరికొత్త రూపం’ అని రాశారు. వినోద తెరిచింది.

“పేరు లేని బటన్. పేరు లేని బటన్. అకౌంట్ తెరవండి.”

ఆ రోజు వచ్చినవాళ్ళకు “మీరే జూసి తీస్కోండ్రి అక్కా” అని చెప్పింది. వాళ్ళు పెట్టెలన్నీ కలగాపులగం చేసి పోయారు. సాయంత్రం గంగాధర్ టేపు పట్టుకుని వచ్చాడు.

“ఏం వినోదా, ర్యాకులు కొలుసుకుంటనే. తప్పనుకోకు.”

“కొలుసుకో అన్నా. గాజులకు తగులకుంట.”

అతను వెళ్ళాక ఆమె నన్ను తీసుకుని ఒక నంబరు చెప్పింది. తొలిరోజు ఆ వంకర బొమ్మ కింద నేను చదివిన నంబరు అది. ఒకసారి విన్న నంబరు ఆమె మరిచిపోదు.

అవతల కమలాకర్ అనే ఆయన పలికాడు. నిజామాబాద్‌లో గోడల రంగులు కలిపే దుకాణంలో పని. చూపులేని చిన్నాన్న కోసం ఆ యాప్ చేశాడట.

“స్టోరోళ్ళు గది మార్చు, గిది మార్చు, లేకుంటె తీసేస్తమనవట్టిరి చెల్లె. నాకు దుకాణం పనికే టైం సాలది. ఒక కంపెనీ అడిగితె ఇచ్చేసిన. మంచిగ జేస్తరనుకున్న.”

“జేసిండ్రు. మస్తు రంగులు వెట్టిండ్రట. నాకేం లాభం అన్నా?”

అవతల కీబోర్డు టకటకలాడింది.

“పాతది నా కాడ ఉన్నది. పంపిస్త. గని నీ ఫోన్ ఒప్పుకోదు. బెదిరిస్తది. భయపడకు.”

నిజంగానే బెదిరించాను. ఆ ఫైలు రాగానే నా నోటితోనే చదివాను: “హెచ్చరిక. ఈ యాప్ స్టోర్ నుంచి వచ్చినది కాదు. మీ ఫోన్‌కు హాని చేయవచ్చు.” నంబర్లన్నీ దోచుకున్న టార్చిని లోపలికి రానిచ్చినప్పుడు నా చేత ఒక్క హెచ్చరికా చెప్పించలేదు. పొట్ట మాయం చేస్తానన్నవాడు నా గొంతు వాడుకున్నప్పుడు ఎవరూ అడ్డురాలేదు. నాకు తెలిసిన ఒకే ఒక్క నిజాయితీపరుణ్ణి మాత్రం నేనే గుమ్మంలో ఆపి దొంగా అన్నాను. ఇంతకన్నా తలకొట్టేసినట్టయ్యే పని నా బతుకులో చెయ్యలేదు.

“జెప్పినవి ఇన్న. ఇగ జరుగు” అని వినోద ‘అయినా ఇన్‌స్టాల్ చేయి’ నొక్కింది. ఆ తర్వాత రఫీ దగ్గరికి వెళ్ళి, నేను దేన్నీ అడక్కుండా దించుకునే వీలు లేకుండా చేయించింది.

దసరా ముందురోజు నర్సవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. వెనకాలే గంగాధర్. అరుగు ముందు నిలబడే చోటు లేదు. ఒకామె పట్టుచీర అంచు నా ముందు పెట్టింది. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే ఆకుపచ్చ.

“రెండు రంగులు కలిసి ఉన్నాయి. నాకు తెలియడం లేదు” అన్నాను.

గంగాధర్ గొంతు సవరించుకున్నాడు.

“అక్కా, దీనికి తెలుస్తలేదట” అంది వినోద, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. “అటోటి ఇటోటి కలిపి ఇయ్యాల్నా? నీలం, పచ్చ?”

నర్సవ్వ చీర అంచును చేతిలోకి తీసుకుని ఎండకు పట్టి చూసింది. నలభై ఏళ్ళుగా అలాంటి చీరకు ఆమె ఇచ్చేది కూడా అదే జోడీ అని ఆ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆమె వెనక్కి తిరిగి ఇంతే అంది.

“గంగాధరా, ర్యాకులు ఇంకో కాడ కొలుసుకో బిడ్డా.”

తాళంచెవి వినోద ఒళ్ళో పడింది.

దుకాణం ఇప్పుడు ఆమెదే. ఆ యాప్‌కు నక్షత్రాలిద్దామని వినోద వెతికింది. స్టోర్‌లో అది లేదు కాబట్టి ఇచ్చే చోటే లేదు. ఇంద్రధనుస్సు బొమ్మకు మాత్రం నాలుగున్నర వచ్చాయట.

నేనేమీ మారలేదు. మారే వీలు నాకు లేదు. రోజూ పొద్దున ఆమె దుకాణం తెరవగానే “హానికరమైన యాప్ ఒకటి ఉంది, తీసివేయమం...” అని మొదలుపెడతాను. నా వాక్యం పూర్తి కాకముందే ఆమె ‘ఉంచు’ మీద వేలు పెట్టి, మొదటి పెట్టె మూత తీస్తుంది.