చీటీ మీది పేరు

అరవై మంది ఆడపిల్లలకు ఉప్మా కలుపుతూ, లలితమ్మ ఎడమ చేతిని పక్కటెముకలకు తగలనీయకుండా ఎడంగా పట్టుకుంది. వెన్ను దగ్గర మొదలై రొమ్ము కిందిదాకా ఒక్క పక్కనే నీటి బొబ్బలు గుత్తులు గుత్తులుగా లేచాయి. పైన మెత్తని పాత గుడ్డ చుట్టి జాకెట్టు తొడుక్కుంది. అయినా గరిటె తిప్పినప్పుడల్లా ఎవరో కాల్చిన కడ్డీతో గీసినట్టుంది.

మగ్గం నేసే భర్త నర్సింహులు పోయి పదకొండేళ్లు. ఆ ఏడే పోచంపల్లి పక్క ఊరి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఈ లేడీస్ హాస్టల్‌కు వచ్చింది. వంటగది వెనక గదిలోనే పడక. ఎవరికి కారం పడదో, పరీక్ష రోజున ఎవరు పెరుగన్నం తప్ప ముట్టరో ఆమెకు తెలుసు. ఆమె పేరు మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. వంటాంటీ అంటారు.

నిన్న సాయంత్రం కొత్తపేటలో డాక్టరుకు చూపించుకుంది.

"సర్పి లేసింది సారూ. చుట్టు తిరిగి తల, తోక కలిస్తే పానం పోతదంట గద?"

"ఒట్టి మాటమ్మా. చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?"

"పోసింది."

"ఆ పురుగే ఇన్నేళ్లూ నీ నరంలో పడుకుంది. ఇప్పుడు లేచింది. ఏడు రోజులు మందు మింగు. బొబ్బల మీద బట్ట కప్పుకో, చేతులు కడుక్కో. నీ వంట తింటే ఎవరికీ రాదు. బొబ్బల నీరు తగిలితేనే భయం, అదీ అమ్మవారు పోయనివాళ్లకు."

చావు లేదని తేలాక మంట సగం తగ్గినట్టే అనిపించింది.

పది గంటలకు, రెండు రోజులు సెలవు అడుగుదామని హాస్టల్ నడిపే సూర్యప్రభకు మందుల చీటీ ఇచ్చింది. సూర్యప్రభ అందులోని ఇంగ్లీషు పేరును ఫోన్లో కొట్టి చదివింది. చదువుతూనే కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"హెర్పిస్ అని రాశాడు. ఇది ఎలాంటివాళ్లకొస్తుందో తెలుసా నీకు?"

"అమ్మవారు పోసిన పురుగంట మేడం."

"మీ ఆయన పోయి పదకొండేళ్లు. మరి ఇదెక్కణ్ణించి వచ్చింది?"

లలితమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల్లో హోరు మొదలైంది.

ఫార్మసీ చదివే బిందుమాధవి టిఫిన్ ప్లేటుతో అక్కడే ఉంది. "హెర్పిస్ అంటే ఒక్క జబ్బు కాదండీ. అందులో చాలా రకాలున్నాయి. ఆంటీకి వచ్చింది ఆటలమ్మ వైరస్, మీరనుకునేది వేరు."

"నీకు తెలుసు సరే. ఆ చీటీ చూస్తే మీ అమ్మానాన్నలు వింటారా? వారంలో నా హాస్టల్ ఖాళీ అవుతుంది."

మధ్యాహ్నానికి కాచిన సాంబారును లలితమ్మ చేతనే మోరీలో పోయించింది. అంత గిన్నెనూ వంచేసరికి రెండు బొబ్బలు చిట్లి గుడ్డ తడిసింది. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది.

"పని తీసెయ్యుండ్రి మేడం. గని గా మాట పిల్లల ముందట అనకుండ్రి."

సూర్యప్రభ ఫోన్ వైపే చూస్తూ, జీతం డబ్బులు బల్ల అంచుకు జరిపింది.

బట్టల సంచీతో బస్టాపుకు చేరేసరికి బిందుమాధవి పరుగెత్తుకొచ్చింది. మాత్రల పొట్లం చేతిలో పెట్టింది.

"ఇవి మర్చిపోయారాంటీ. మధ్యలో ఆపకండి. నేను మేడమ్‌కి మళ్లీ చెప్తాను."

"చెప్పకు బిడ్డా. నువ్వు చెప్పినప్పుడల్లా గా పేరు ఇంకొకరి చెవిల పడ్తది."

ఎల్బీనగర్‌లో ఊరి బస్సెక్కి కిటికీకి కుడి భుజం ఆనించి కూర్చుంది. ఊళ్లో చెల్లెలు ఎందుకొచ్చావని అడుగుతుంది. బస్సు కదిలాక గుర్తొచ్చింది, తాను అన్నం తినే కంచం అక్కడే ఉండిపోయింది. దిగలేదు.

ఈపాటికి తోమిన గిన్నెలన్నీ లోపలికి చేర్చి ఉంటారు. అంచున నర్సింహులు అని పేరు కొట్టించిన ఆ స్టీలు కంచం ఒక్కటే, తోమే బండ మీద, బోర్లించింది బోర్లించినట్టే ఉండి ఉంటుంది.