నాడి పట్టినవాడు

ఆ ఏడు బస్తర్ అడవిలో సర్కారువాళ్లు కట్టె కొట్టొద్దన్నారు, పోడు చేయొద్దన్నారు, పిలిస్తే వెట్టికి రావాలన్నారు. మాఘమాసంలో మామిడి కొమ్మ, ఎండు మిరపకాయలు, బాణం కలిపి కట్టిన కట్ట ఒకటి ఊరి నుంచి ఊరికి తిరిగింది. అది అందుకున్న ఊళ్లన్నీ లేచాయి. ఠాణాలు తగలబడ్డాయి, సంతలు కొల్లపోయాయి. తిరగబడ్డవాళ్లను అణచడానికి గోదావరి అవతలి నుంచి పట్టాళం వచ్చి కోంటలో దిగింది.

వస్తూనే దండోరా వేయించారు. పట్టాళంలో పనిచేసి ఇళ్లకు వచ్చి, పిలిస్తే మళ్లీ పోవలసిన రిజర్వులో ఉన్నవాళ్లలో గాయాలకు కట్లు కట్టడం వచ్చినవాళ్లు కావాలి. దారిలో ఆ పని చేసే వాళ్ల మనిషి ఒకడు జ్వరంతో పడిపోయాడట. ఇది పిలుపు కాదు, ఇష్టమున్నవాళ్లే వచ్చి పేరు ఇవ్వొచ్చు అన్నారు.

అప్పయ్య దోర్ల తెగవాడు. కోంట పక్కనే రెండు చెక్కల పొలం. వయసులో ఉండగా మదరాసు పట్టాళంలో చేరి, ఆస్పత్రి డేరాల్లో పనిచేసి, రిజర్వులోకి వచ్చి వ్యవసాయం చేసుకుంటున్నాడు. దండోరా విని తలగుడ్డ చుట్టుకుంటుంటే భార్య సారలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నిన్నెవరు రమ్మన్నరు? పిలుపు కాదని వాళ్లే చెప్తున్నరు గద."

"ఉప్పలమ్మ అటు దిక్కే ఉంది. పట్టాళం ఆ తోవనే పోతది. నేను ఎంబడి ఉంటే అడ్డం పడొచ్చు."

ఉప్పలమ్మ అతని చెల్లెలు. భేజ్జి అవతలి గూడెంలో బిజ్జాకు ఇచ్చి చేశారు.

"తుపాకులోళ్లకు నువ్వు అడ్డం పడ్తవా?" అంది సారలమ్మ. అతను ఆమెను పక్కకు జరిపి వెళ్లిపోయాడు.

డేరా దగ్గర హవల్దారు అతని కళ్లూ పళ్లూ చూశాడు. ఒక సిపాయిని నేల మీద పడుకోబెట్టి, తొడలో గుండు దిగిందనుకుని కట్టు కట్టమన్నాడు. అప్పయ్య చేతులు ఆ పని మరిచిపోలేదు. కుర్చీలో కూర్చున్న పట్టాళం తెల్లదొర చూసి తలూపాడు. ఏదో అన్నాడు. హవల్దారు దాన్ని తెలుగులో చెప్పాడు.

"నీ అంతట నువ్వు వచ్చావు, మంచిదే. ఒకసారి పేరిచ్చాక మాత్రం ఇష్టం అయిష్టం ఉండదు. హుకుం అంటే హుకుం."

"దెబ్బ తగిలినోళ్లు ఎవరికైనా కట్టు కడతనయ్యా."

"ముందు మనవాళ్లకు కట్టు" అన్నాడు హవల్దారు.

భేజ్జి దాటాక వాగులో దిగుతుండగా బాణాలు పడ్డాయి. కేక లేదు, డోలు లేదు. ముందు నడుస్తున్న సిపాయి మెడ పట్టుకుని నీళ్లలో కూలాడు. గుర్రం మీద వస్తున్న పట్టాళం డాక్టరుబాబు రొమ్ములోకి బాణం దిగింది. ఆయన కింద పడి కాళ్లు కొట్టుకుని మళ్లీ కదల్లేదు. ఇంకొక సిపాయికి కడుపులో తగిలింది. అప్పయ్య ఇసుక మీద పాక్కుంటూ అతని దగ్గరికి వెళ్లాడు. సిపాయి రెండు చేతులతో అప్పయ్య చొక్కా పట్టుకుని, "తీసెయ్ అన్నా, తీసెయ్" అని ఏడ్చాడు. బాణం కదిలిస్తే పేగులు తెగుతాయి. "తీస్తాలే, తీస్తాలే" అంటూ అప్పయ్య దాని చుట్టూ గుడ్డ కూరుతుండగా అతని ఎడమ జబ్బలో బాణం గుచ్చుకుంది.

ఆ తర్వాత తుపాకులు పేలాయి. వరుసగా, ఆగకుండా. ఒడ్డు మీది పొదల్లోంచి మనుషులు ఒకరి మీద ఒకరు దొర్లిపడ్డారు. పొగ విడిపోయేసరికి సిపాయిలు బాకులు పట్టుకుని గట్టెక్కారు. మూలిగినవాడినల్లా పొడుస్తూ పోయారు. వాగు నీళ్లు ఎర్రబడ్డాయి.

కడుపులో తగిలిన సిపాయి చొక్కా పట్టు వదలకుండానే ప్రాణం వదిలాడు. అప్పయ్య ఆ వేళ్లు ఊడదీసుకుని, తన జబ్బలోని బాణం పీకేసుకుని, సంచీ తీసుకుని గట్టెక్కాడు. పొదల వెనక బిజ్జా వెల్లకిలా పడి ఉన్నాడు. తుపాకి గుండు తొడ కండలోంచి దూసుకుపోయింది. విల్లు ఇంకా చేతిలోనే ఉంది.

"బావా!"

బిజ్జా కళ్లు తెరిచాడు. అప్పయ్య చేతి నుంచి కారుతున్న నెత్తురు చూశాడు.

"నేనే ఏసిన" అన్నాడు. "నువ్వని చూసే ఏసిన. గుండెకు గురి పెట్టిన. నువ్వు వంగినవ్."

అప్పయ్య సంచీ విప్పాడు. గాయంలో గుడ్డ కుక్కి గట్టిగా బిగించాడు. బాకుతో ఒక సిపాయి వస్తుంటే బిజ్జా మీద అడ్డంగా పడి, "ఖైదీ! ఖైదీ!" అని అరిచాడు. సిపాయి ఉమ్మేసి ముందుకు పోయాడు.

ఆ పూటే బిజ్జా వాళ్ల గూడెం తగలబెట్టారు. ఆడవాళ్లు, పిల్లలు అప్పటికే గుట్టల్లోకి పారిపోయారు. దొరికిన మగవాళ్లను ఇప్పచెట్టుకు కట్టి కొరడాతో కొట్టమన్నాడు దొర. కొట్టేటప్పుడు వైద్యం తెలిసినవాడు పక్కన నిలబడి నాడి చూడాలట. డాక్టరుబాబు పోయాడు కాబట్టి ఆ పని అప్పయ్యది.

మొదటివాడి మణికట్టు పట్టుకున్నాడు. నాడి చెంగుచెంగున కొట్టుకుంటోంది. వీపు చిట్లగానే, "ఆగిపోతోందయ్యా, ఇక తట్టుకోడు" అన్నాడు. విప్పేశారు. రెండోవాడికీ అదే మాట చెప్పాడు. ఈసారి దొర లేచొచ్చి వాడి చెయ్యి తనే పట్టుకు చూశాడు. చూసి, అప్పయ్య మొహంలోకి చూశాడు.

"ఇంకోసారి అబద్ధం చెప్తే నిన్నే కడతారు" అన్నాడు హవల్దారు.

మూడోవాడు ముసలివాడు. పేరు సుక్రాం. అప్పయ్యకు ఆ చెట్టూ ఆ కొరడా కళ్ల ముందున్నాయి. నాడి పట్టుకుని, అడిగినప్పుడల్లా "కొట్టొచ్చు" అన్నాడు. ముసలివాడు కేకలు వేశాడు, తర్వాత కేకలు ఆగిపోయాయి. కొరడాకు మాంసం అంటుకుని వస్తోంది. "కొట్టొచ్చా?" అని అడిగారు. అప్పయ్య వేళ్ల కింద ఏమీ లేదు. ముసలివాడి చెయ్యి అతని చేతిలోనే బరువుగా వేలాడింది.

తర్వాత బిజ్జాను ఈడ్చుకొచ్చారు. తొడ కట్టు నెత్తుటితో తడిసింది. హవల్దారు నాడి చూడమన్నాడు.

"పట్టను" అన్నాడు అప్పయ్య.

"ఏమన్నావ్?"

"నేను పట్టను. ఈ పనికి కాదు నేనొచ్చింది."

దొరకు ఆ మాట ఎవరూ మార్చి చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పయ్య చొక్కా చించి, బిజ్జాను పక్కకు తోసి, అదే చెట్టుకు కట్టారు. మొదటి దెబ్బకే అతను కేక పెట్టాడు. అతని నాడి ఎవరూ చూడలేదు. ఎంతసేపు కొట్టారో అతనికి తెలియదు. వేరే ఊరి దారిలో జనం గుమిగూడారని వేగు వచ్చిందట, పట్టాళం ఖైదీలను అక్కడే వదిలేసి హడావిడిగా కదిలింది. పోతూ పోతూ హవల్దారు కత్తితో తాడు కోసేసి, "నీ పేరు రిజర్వులోంచి కొట్టేశాం" అని చెప్పి వెళ్లాడు.

పొగ సన్నబడ్డాక గుట్టల్లోంచి ఆడవాళ్లు దిగివచ్చారు. ఉప్పలమ్మ ముందు మొగుణ్ణి చూసింది, తర్వాత అన్నను. అతని నడుముకు ఇంకా పట్టాళం బెల్టు ఉంది.

"వాళ్లతోటి వచ్చినవా?"

"వచ్చిన."

ఆమె పసుపూ ఇప్పనూనే కలిపి బిజ్జా దగ్గర కూర్చుంది. అప్పయ్యకు చేతులు లేవడం లేదు. బోర్లా పడుకునే, కట్టు ఎట్లా విప్పాలో, లోపలి గుడ్డను ఎట్లా నానబెట్టి తీయాలో చెప్పాడు. ఆమె అన్న వైపు చూడకుండా అతను చెప్పినట్టే చేసింది. తర్వాత దెబ్బలు తిన్న మిగతావాళ్ల దగ్గరికి వెళ్లింది. సుక్రాం శవం మీద గుడ్డ కప్పింది. అందరి పనీ అయ్యాక, గిన్నెలో మిగిలిన నూనె అన్న వీపు మీద పోసింది. నెమ్మదిగా రాయలేదు. అతను పళ్లు బిగబట్టుకున్నాడు.

ఆమె నీళ్లకు పోయాక బిజ్జా అడిగాడు.

"మళ్ల రమ్మంటే పోతవా?"

అప్పయ్య మొహం అతని వైపు తిప్పాడు. "వాగుల ఒకడు నా చొక్కా పట్టుకుని ఏడ్చిండు బావా. కడుపుల బాణం. వాని దగ్గర ఎవరో ఒకరు ఉండాలె గద. అసొంటోడు ఏడుస్తుంటే పోతనేమో. ముసలోని చెయ్యి మాత్రం మళ్ల పట్టను."

"నువ్వు వాళ్లతోని వస్తే నేను మళ్ల ఏస్త" అన్నాడు బిజ్జా.

"ఎయ్యి."

కాసేపటికి తొడ సలుపు ఎక్కువై బిజ్జా మూలిగాడు. పక్కకు తిరగాలి, కొంచెం పట్టుకోమన్నాడు. అప్పయ్య మోచేతుల మీద జరిగి వచ్చి, మంచి చెయ్యి అతని నడుము కింద పెట్టాడు.