తేనెపట్టు గోడ

మా ఆయన దొరబాబు చేపల వేటకెళ్ళిన బోటు తిరగబడి ఏడాది దాటింది. మిగతావాళ్ళు ఒడ్డుకు చేరారు. అతను చేరలేదు, శవమూ దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేద్దామని మా జాలరిపేటలో పెద్దలు కూర్చున్నారు.

"బొమ్మనేటి కాల్చేది? మనిషిని సూపించండి, అప్పుడు కాల్చండి!" అని లేచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి జడిసి ఊరు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బొట్టూ గాజులూ ఎప్పటిలాగే ఉంచుకున్నాను.

అలల చప్పుడు వినలేక అత్త వరహాలమ్మను తీసుకుని మధురవాడలో అద్దె ఫ్లాట్‌లోకి మారాను. ద్వారకా నగర్‌లో ఇంటి అలంకరణ సామాన్ల షాపులో పని దొరికింది. ఇప్పుడు అందరూ తేనెపట్టు డిజైనే అడుగుతున్నారు. ఆరు మూలల ముక్కలు, వెనక జిగురు, అంచుకి అంచు కలిపి గోడకి అంటించుకుంటూ పోవడమే. రంగు తేడా వచ్చి షాపులో మూలపడిన ముక్కలు తెచ్చి హాల్లో ఒక గోడంతా నింపేశాను. ఖాళీ గోడ చూస్తే ఏడుపొచ్చేది. అందుకే ఎక్కడా సందు వదల్లేదు.

"ఏటే ఇది? వల పరిసినట్టుంది," అంది అత్త.

"వల కాదత్తా, తేనెపట్టు. డబ్బున్నోళ్ళు ఏసుకుంతారు."

"వల కన్ను ఎలాగుంటాదో జాలరిదానికి నువ్వు సెప్తన్నావేటి?" అని గోడకి వీపు పెట్టి కూర్చుంది. ముసలిదాని చాదస్తం అనుకున్నాను.

మొదట నడుమెత్తున ఒక ముక్క ఊడింది. అంటించాను. మర్నాడు అదీ, దాని పక్కదీ ఊడాయి. వెనక గోడ తడిగా ఉంది. షాపు యజమాని కృష్ణంరాజు గారు, "సముద్రం గాలికి చెమ్మమ్మా," అని గట్టి జిగురు ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ తడిని వేలితో తీసి నాలుకకి రాసుకున్నాను. ఉప్పగా ఉంది. సముద్రం గాలికి ఉప్పు కాక బెల్లం ఉంటుందా అని నన్ను నేనే కసురుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం చూస్తుండగానే ముక్కలు రాలాయి. లోపల్నుంచి ఎవరో వేలితో నెట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి రాలాయి. ఖాళీ అయిన చోటు పైన భుజాలంత వెడల్పుగా, కిందికి సన్నంగా ఉంది. డీజిలూ, చేపలూ, అతను తలకు రాసుకునే కొబ్బరి నూనే కలిసి వాసన వచ్చింది. నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. వచ్చాడు!

వచ్చినవాడు మళ్ళీ పోకూడదని గబగబా ముక్కలన్నీ తిరిగి అంటించసాగాను. అరచేత్తో అదిమితే అవతల్నుంచి చల్లగా, నీరసంగా నెడుతున్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అటు సముద్రానికీ కాక, ఇటు ఇంటికీ కాక ఆడక్కడ సిక్కడిపోనాడే. ఒగ్గియ్యే."

"ఒగ్గను. నా మొగుడు. ఎలాగున్నా నా ఇంట్లోనే ఉంతాడు."

అత్త అరవలేదు. నేల మీద చతికిలబడింది. "వల్లో తాబేలు పడితే ఏటి సేత్తామే?"

తెలియకేం? ఎంత కొత్త వలైనా కన్నులు కోసేస్తాం. వీపు మీద కుంకుమ పెట్టి, దండం పెట్టి నీళ్ళలో వదిలేస్తాం. ఆ పూట వేట పోయినా సరే. తాబేలును ఉంచుకున్న జాలరిని నేనింతవరకు చూడలేదు.

"నా కొడుకు తాబేలు పాటి సెయ్యడేటే?" అంది.

ఏడుస్తూ నా చేత్తోనే ముక్కలు ఊడబీకాను, మనిషి పట్టేంత మేర, నేల దాకా. వీధి తలుపు బార్లా తీశాను. కుంకుమ కోసం అత్త లేవబోయింది.

"అక్కర్లేదత్తా."

నా నుదుటి బొట్టు వేలితో తుడిచి, తడి గోడ మీద అతని వీపు ఉండాల్సిన చోట పెట్టాను. కుంకుమ లోపలికి ఇంకిపోయింది. గోడ కింద నుంచి గడప దాకా నేల తడిసింది.

"బేగెల్లు నాయినా," అంది అత్త.

నాకు వెళ్ళమనే మాట నోట రాలేదు. గోడ ఆరిపోయేదాకా వేలు తీయలేదు.